ఆకురాయి కడుపున పుట్టిన కత్తి

నమోదు 611

ఏడో నంబర్ బాయిలో, అంటే ఈ బొగ్గుగనిలోని మా ఊళ్ళో, పైకి వెళ్ళివచ్చిన ప్రతి మనిషీ కిందికి దిగగానే చిట్టా రాయాలి. గాలి ఎలా ఉంది, ఎండ ఎంత, ఒంట్లో ఎలా ఉంది, ఇంకా విశేషాలేమిటి. ఇది రూలు. పైన కల్లు గీసే తాడిచెట్ల దాకా వెళ్ళే పాసు నాకొక్కదానికే ఉంది కాబట్టి రాసేదీ నేనొక్కదాన్నే. చదివేవాళ్ళు మాత్రం ఎవరూ లేరు. నాకెలా తెలుసంటే, పోయిన ఎండాకాలం విశేషాల గడిలో "తాడిచెట్టు మొవ్వులో ఏనుగు కూర్చుంది, దించడానికి ఇద్దరు మనుషులు కావాలి" అని రాశాను. ఇప్పటిదాకా ఎవరూ పిలిచి అడగలేదు. అప్పటినుంచి ఇందులో మనసులో మాట రాసుకోవడం అలవాటైంది.

గాలి: ఉంది. ఎండ: చంపేంత. ఆరోగ్యం: మోకాళ్ళు తప్ప బాగు. విశేషం: కత్తి విరిగింది.

కత్తి అంటే మా తాత గీతకత్తి. తాత నూరి, నాన్న నూరి, నేను నూరి, చివరికది చేపముల్లంత మిగిలింది. ఇవాళ తెల్లవారుతుండగా మూడో చెట్టు మీద గెల చెక్కుతుంటే పిడి దగ్గర పుటుక్కున విరిగి కిందపడింది. చెట్టునూ నన్నూ కలిపి చుట్టే మోకు ఉండబట్టి నేను పడలేదు.

కల్లు గీయడమంటే కిందున్న వాళ్ళకు కుండ బోర్లించడమంత సులువు. నిజానికి గెల కొసను పొద్దునా సాయంత్రమూ ఉల్లిపొరకంటే పలచగా చెక్కాలి. చెక్కిన చోటు నుంచి చుక్క చుక్క కింద కట్టిన లొట్టి కుండలో పడుతుంది. కత్తి మొద్దుబారితే గెల నలుగుతుంది, నలిగిన గెల ఎండిపోతుంది. ఎండిన గెలలు ఎక్కువైతే ఊరిని నడిపించే ఓవర్‌మన్ ఆఫీసులో తాడిచెట్టు పేరు మారిపోతుంది. ఇప్పుడు అక్కడ రాసి ఉన్నది "పులుపు పానీయం, మూడు వనరులు". రోజుకు ఒక్కో చెట్టు ఒక లొట్టి ఇచ్చినంత కాలం అవి వనరులు. ఇవ్వకపోతే "దిమ్మెలు, మూడు". తొమ్మిదో గ్యాలరీ సొరంగం కప్పు కుంగుతోందట, నిలబెట్టడానికి మొద్దులు కావాలట.

చెట్లు పోతే నా పాసూ పోతుంది. పైకి వెళ్ళడానికి వేరే కారణం ఈ బాయిలో ఎవరికీ లేదు. ఒప్పుకుంటాను, కల్లు మీద నాకు ప్రేమేమీ లేదు, నాలుక్కి పులుపు పడదు కూడా. నాకు కావాల్సింది చెట్టు మీది ఆ కాసేపు. పుట్టినప్పటినుంచీ తల మీద బొగ్గు కప్పు చూసి చూసి, పైన ఏమీ లేని చోట ఊపిరి పీల్చుకుంటే ఎలా ఉంటుందో నాకు తెలుసు. అది తెలిశాక లేకుండా బతకడం నా వల్ల కాదు.

నమోదు 612

అచ్చుయంత్రం దగ్గరికి వెళ్ళాను. చెప్పులు, గిన్నెలు, పంపుల బిరడాలు, పెళ్ళికి మెట్టెలు, ఏదడిగినా పోసి ఇస్తుంది. కత్తి కావాలన్నాను. దేనికని అడిగింది. కోయడానికన్నాను. కాసేపు ఆలోచించి, పనిలో ప్రమాదం గురించి నాలుగు ముక్కలు నీతి చెప్పి, నీలం రంగు వస్తువొకటి బయటపెట్టింది. చూడటానికి కత్తిలాగే ఉంది. అంచు మీద వేలు పెడితే మెత్తగా జారిపోయింది. కింద ముద్ర ఉంది: భద్రత కోసం అంచులు గుండ్రం చేయబడ్డాయి.

గుండ్రం చేయకుండా ఇమ్మన్నాను. ఆ వీలు తనలో లేదంది. దాన్ని తయారుచేసిన వాళ్ళు మనుషుల్ని ఎంతగా ప్రేమించారో తలచుకుంటే నాకు కడుపు మండింది.

దాంతోనే సాయంత్రం చెట్టెక్కాను. గెల చెక్కలేదు గానీ బాగా పిసికింది. ఉప్మా తిప్పడానికి పనికొస్తుందని ఇంటికి తెచ్చుకున్నాను.

నమోదు 615

మొదటి చెట్టు గెలలు రెండు ఎండాయి. విరిగిన కత్తి ముక్కతో గీస్తే కల్లు రెండు లొట్లే వచ్చింది. ఓవర్‌మన్ వైకుంఠం సారు మేనల్లుడు అఖిలేందర్ బాయి నోటి దాకా వచ్చి, లోపలే నిలబడి, చెట్ల మొదళ్ళు ఎంత లావుంటాయని అడిగాడు. బయటికి వచ్చి కొలుచుకోమన్నాను. వాకిలి దాటకుండానే మెడ చాచి చూసి, రెండు బారలుంటాయని రాసుకుని దిగిపోయాడు. ముప్పై ఏళ్ళవాడు, మంచి దేహం, ఆకాశం కనబడితే మాత్రం చెమటలు పడతాయి.

ఇక దాచుకుంటే లాభం లేదని పంపుగది రాజేశానికి చెప్పాను. రాజేశం మా మేనమామ కొడుకు, నాకు బావ. నీళ్ళ పంపులు, కింది పంటలకు వెలుగు దింపే అద్దాలు అతని పని, అందుకని బాయి నోటి దాకా రావడానికి సగం పాసు ఉంది. మా పెళ్ళి మాట ఒకప్పుడు అనుకున్నారు, తర్వాత ఎవరూ అనుకోలేదు. అతను చేతిలో పని ఆపకుండానే విన్నాడు. విని, పంపుగది తలుపు కొట్టుకోకుండా సందులో దోపిన ఇనపముక్కను కాలితో తన్ని నా ముందుకు జరిపాడు. తుప్పు పట్టి ఉంది. తుడిస్తే ఒంటినిండా సన్నగా అడ్డగీతలు. ఆకురాయి. ఇనుమును అరగదీయడానికి పాతకాలం వాళ్ళు వాడిన పనిముట్టు.

"దీని కన్న గట్టి ఉక్కు ఈ బాయిల దొరకదు," అన్నాడు. "మీ తాత అంటుండె, ఆకురాయితోని చేసిన కత్తికి గీత సాగుతదని. కానీ సరోజనా, నిప్పు గావాలె."

ఆ మాట అని ఇద్దరం తలుపు వైపు చూశాం. నాలుగు తరాలుగా బొగ్గులోనే ఇల్లు, బొగ్గులోనే బడి, బొగ్గులోనే చావు. నిప్పు అనే మాటను పెద్దల ముందు అనకూడదు. బూతులాగా పిల్లలు చాటుగా అనుకుని నవ్వుకుంటారు.

నమోదు 616

తెర మీద పాతకాలం చూపించే పాత దృశ్యాల గదిలో రాజేశమూ నేనూ వెతికితే ఒకటి దొరికింది. గడ్డపు మనిషి ఒకడు ఆకురాయితో కత్తి చేస్తున్నాడు. మాట్లాడిన భాష మా ఇద్దరికీ తెలియదు, చేతులు మాత్రం తెలిశాయి. ఆకురాయిని ఎర్రగా కాల్చి బూడిదలో పూడ్చి చల్లారనిచ్చాడు. అలా చేస్తే మెత్తబడి మాట వింటుంది కాబోలు. అంచు అరగదీశాడు. మళ్ళీ ఎర్రగా కాల్చాడు, అయస్కాంతం ఆనించి చూశాడు, అది అంటుకోవడం మానేశాక నూనెలో ముంచాడు. అక్కడికి పని అయిపోవాలి. వాడు మాత్రం ఆ చల్లారిన కత్తిని తీసుకెళ్ళి మళ్ళీ వేడి మీద పెట్టాడు.

రాజేశం అక్కడ ఆపేశాడు. "ముసలోనికి సోయి తప్పినట్టున్నది. అయిన పనిని మల్ల చేస్తుండు."

నాకూ అలాగే అనిపించింది. ఏడో నంబర్ బాయి బడిలో అక్షరాలకంటే ముందు నేర్పేది ఒకటే: చల్లారినదాన్ని మళ్ళీ వేడి చేయకు. బొగ్గుపొరలో ఒకచోట వెచ్చబడి చల్లారితే, రెండోసారి వెచ్చబడినప్పుడు ఊరంతా పోతుంది. మా పిల్లలు ఆ ముక్కను లయగా పాడుకుంటూ నడక నేర్చుకుంటారు. చల్లారిన గంజిని కూడా మేం మళ్ళీ వెచ్చబెట్టం, చల్లగానే తాగుతాం. అందుకని ఆ చివరి పని గడ్డపు మనిషి పొరపాటుగా ఇద్దరం నిర్ణయించాం. అతని మీద కొంచెం జాలి కూడా పడ్డాం.

నమోదు 618

ఇవాళ నిప్పు పెట్టాం. పెట్టాం అని రాయడం తేలిక.

బాయి నోటి పక్కన కూలిన ఇంజన్ గది ఉంది, పొద్దు పొడిచాక కూడా అక్కడ కొంతసేపు నీడ ఉంటుంది. మంచి బొగ్గు ఏరి కుప్ప పోశాను. రాజేశం గిన్నెలా వంగిన అద్దం ఒకటి తెచ్చి కొత్త ఎండను దాని మీదికి తిప్పాడు. ఇద్దరం వెనక్కి జరిగి, గోడ చాటున కూర్చుని, చెవులు మూసుకున్నాం. చిన్నప్పటినుంచి విన్నది ఏమిటంటే, ఒక్క రవ్వ చాలు, బొగ్గు భగ్గుమంటుంది, ఏడు ఊళ్ళకు వినబడుతుంది.

ఏమీ వినబడలేదు. తొంగిచూస్తే బొగ్గు అలాగే ఉంది. వేలు పెడితే వెచ్చగా ఉంది, అంతే. అద్దం దగ్గరికి జరిపాం. ఊదాం. తిట్టాం. ఏ బొగ్గుకు భయపడి మా అమ్మ జీవితాంతం పొయ్యి చూడకుండా చచ్చిపోయిందో, ఆ బొగ్గు మా ఇద్దరి చేతుల్లో బతిమాలినా అంటుకోలేదు.

చివరికి ఎండిన తాటాకు అంటుకుంది. దాని మీద కట్టెముక్కలు, వాటి మీద చిన్న బొగ్గు. ప్రమాదంలో చిక్కినవాళ్ళకు ఊపిరి అందించే గాలిసంచి పంపుగదిలో ఉంటే దాన్ని తెచ్చి ఒత్తుతూ కూర్చున్నాం. అప్పుడు బొగ్గు ఎర్రబడింది. నేను నిప్పును అంత దగ్గరగా చూడటం అదే మొదలు. అందంగా ఉంది. ఇంత అందమైనదాన్ని తిట్టుమాట చేశారని ఏడుపొచ్చింది, నిజంగానే ఏడ్చాను. పొగ వల్ల అని రాజేశంతో చెప్పాను.

ఆకురాయి ఎర్రగా కాలింది, బూడిదలో పూడ్చాం. అప్పుడు గుర్తొచ్చింది, ఊరికి గాలి పీల్చే ఫ్యాను ఇంజన్ గది వెనకే ఉంది.

దిగేసరికి సైరన్లు. జనమంతా గ్యాలరీల్లో రెండు వరసల్లో, ముక్కుకు గుడ్డలు కట్టుకుని నిలబడ్డారు. వైకుంఠం సారు మైకులో మాట్లాడుతున్నారు: ఎవరూ భయపడవద్దు, కప్పురాయి చెమర్చింది, ఆ వాసనే. ఆయన భయపడ్డారని గొంతే చెప్పింది. జనం మాత్రం గుడ్డలు కొంచెం కిందికి జరుపుకుని వాసన పీలుస్తున్నారు. నా పక్కనున్న ముసలమ్మ, ఆమెకు తొంభై దాటాయి, మక్కకంకులు కాలుస్తున్నారని ఎవరితోనో అంటోంది. కాలిస్తే తనకూ ఒకటి తెచ్చిపెట్టమంది.

నమోదు 622

ఇల్లు అలకగానే పండగ కాదని ఊరికే అనలేదు. మెత్తబడ్డ ఆకురాయిని ఇసుకరాతి మీద రుద్దుతూనే ఉన్నాను. రాజేశం నీళ్ళు పోస్తాడు, నేను రుద్దుతాను. చేయి పడిపోతే నేను పోస్తాను, అతను రుద్దుతాడు. మాట్లాడుకోవడానికి ఏమీ లేక అతను తన పంపుల సంగతులు చెప్పాడు. ఇన్నేళ్ళలో ఏ పంపు ఎప్పుడు దగ్గిందో అతనికి గుర్తుంది. నాకు విసుగు రాలేదు, ఎందుకో తెలియదు.

ఆకురాయి గీతలన్నీ పోలేదు. కత్తి ఒంటి మీద అక్కడక్కడా సన్నగా మిగిలాయి.

రెండో నిప్పు ఫ్యానుకు దూరంగా, గాలివాలు చూసి పెట్టాం. ఎర్రబడ్డాక అయస్కాంతం ఆనిస్తే జారిపోయింది. పంపునూనెలో ముంచాం, సుయ్‌మంది. బయటికి తీసి వేరే పాత ఇనపముక్కతో గీకి చూస్తే కత్తి మీద గీత పడలేదు. అంత గట్టిగా తయారైంది. పాతకాలపు వాడికంటే ఒక పని తక్కువ చేసి అదే కత్తి తెచ్చామని రాజేశం మురిసిపోయాడు. నేనూ మురిశాను.

నమోదు 624

గాలి: తూర్పు. ఎండ: మామూలు. ఆరోగ్యం: చెంప మీద కోత, లోతు లేదు. విశేషం: గడ్డపు మనిషికి క్షమాపణ.

చెట్టెక్కి గెల మీద కత్తి పెట్టాను. మొదటి చెక్కు ఎంత పలచగా వచ్చిందంటే, అవతల వెలుతురు కనబడింది. రెండో చెక్కుకు గెల కొంచెం మొండికేసింది, మణికట్టు తిప్పాను. కత్తి ముందు సగం అప్పడంలా విరిగి చెంపను గీసుకుంటూ వెళ్ళిపోయింది. కంటికి వేలెడు దూరం. మోకు గట్టిగా పట్టుకుని చాలాసేపు కదల్లేదు. పొద్దు పైకొచ్చాక దిగాను.

దిగాక రాజేశం చెంప తుడిచాడు. మళ్ళీ పాత దృశ్యాల గదికి వెళ్ళి, మేం ఆపేసిన చోటి నుంచి చూశాం. గడ్డపు మనిషి చల్లారిన కత్తిని మంటకు తగలకుండా, సెగ మీద మెల్లగా వెచ్చబెడుతున్నాడు. తెల్లగా తోమిన అంచు మీదికి ఒక రంగు పాకుతూ వచ్చింది. ఆ రంగు రాగానే తీసేశాడు. తర్వాత కత్తిని వంచి చూపించాడు, వంగి మళ్ళీ తిన్నగా నిలబడింది. అతిగట్టి ఉక్కు గాజులాంటిది కాబోలు, ఆ రెండో వేడి దానికి కొంచెం ఓర్పు నేర్పుతుంది. బడిలో నేర్పిన ఒక్క ముక్కకు కట్టుబడి నేను కన్ను పోగొట్టుకోబోయాను.

ఎండిన గెలలు ఇప్పుడు అయిదు. అఖిలేందర్ మనుషులు రంపం కోసం అచ్చుయంత్రానికి అర్జీ పెట్టారు. గుండ్రటి పళ్ళ రంపం వచ్చిందట, రెండో అర్జీ పెట్టారు. ఆ యంత్రాన్ని నేను మొదటిసారి మనసారా దీవించాను.

నమోదు 627

మిగిలిన సగం ముక్కకు మొన తీర్చడానికి మూడు షిఫ్టులు పట్టింది. గట్టిపడ్డాక రుద్దడం రాయినే అరగదీయడం.

వెచ్చబెట్టే పని తెల్లవారి వెలుగులోనే చేయాలి, కింద మా గ్యాలరీల్లో ఉండే గులాబీరంగు దీపాల వెలుగులో అన్ని రంగులూ ఒకటే. బొగ్గు ఎర్రగా రాజుకున్నాక కత్తి చేతిలో పట్టుకున్నానే గానీ చేయి ముందుకు రాలేదు. చల్లారినదాన్ని మళ్ళీ వేడి చేయకు. నలభై ఆరేళ్ళ మనిషిని, బడిలో పంతులు బెత్తం చప్పుడు వినబడింది. రాజేశానికీ వినబడినట్టుంది, కళ్ళు మూసుకున్నాడు.

పెట్టాను. ఏమీ పేలలేదు. మెరుస్తున్న ఉక్కు మీద మొదట ఏమీ లేదు, తర్వాత లేతగా, తర్వాత ఇంకొంచెం. ఏ రంగు దగ్గర తీయాలని రాజేశం అడిగాడు. అతనికి ఎలా చెప్పను, ఆ రంగు కింద ఎక్కడా లేదు. ఎండిన తాటాకు రంగు. తీశాను.

నమోదు 631

మూడు లొట్లూ నిండాయి. మొన్న మూడు, నిన్న మూడు, ఇవాళ మూడో చెట్టుది పొంగింది. కత్తి పొట్టిది, అందమైనదేమీ కాదు, పిడికి పాత గొట్టం ముక్క. గెల మీద పెడితే మాత్రం అడగకుండానే సాగుతుంది. మణికట్టు ఎంత తిప్పినా కొంచెం వంగి మళ్ళీ సర్దుకుంటుంది. పని అయ్యాక కూడా దిగకుండా కూర్చున్నాను. తూర్పున మబ్బు ఒకటి చీలి, సందులోంచి వెలుగు దిగింది. సంతోషంగా ఉంది. ఇంతకంటే పెద్దమాట నాకు తెలియదు.

నమోదు 633

విచారణకు పిలిచారు. ఆదివారం, కల్లు పంచే హాల్లోనే. అందరి చేతుల్లో చిన్న కప్పులున్నాయి. వైకుంఠం సారు బల్ల మీద రూళ్ళ పుస్తకం, పక్కన ఆయన కప్పు.

పొగ వచ్చిన రోజే అది నా పనని ఆయనకు తెలుసట, పైకి వెళ్ళే పాసులు ఊళ్ళో ఎన్నని. అయినా లొట్లు నిండేదాకా ఆగారు. తాడిచెట్టు ఎందుకెక్కావంటే దూడగడ్డి కోసమని చెప్పే రకం కాదు నేను. ఉన్నదున్నట్టు చెప్పాను. నిప్పు పెట్టాం, రెండుసార్లు కాదు, మూడుసార్లు. చల్లారినదాన్ని మళ్ళీ వేడి చేశాం. ఆ మాటకు వెనక ఎవరో తల్లి పిల్ల చెవులు మూసింది.

తప్పంతా తనదేనని, ఆకురాయి తన గదిదని రాజేశం లేచి నిలబడ్డాడు. అతన్ని కూర్చోమన్నారు.

సారు కత్తి అడిగారు. ఇచ్చాను. ఆయన తన చేతి వెంట్రుకల మీద ఆనించి చూశారు, కొన్ని రాలాయి. మళ్ళీ చూశారు. కమిటీలో ఒకరి తర్వాత ఒకరు చేతులు చాపారు. కాసేపటికి పెద్దమనుషులందరి ముంజేతులూ నున్నగా తయారయ్యాయి. మంత్రసాని వచ్చి, బొడ్డుతాడు గుండ్రటి కత్తితో నమిలినట్టు కోయాల్సి వస్తోందని, ఇలాంటిది తనకొకటి కావాలని అంది. వంటశాల వాళ్ళు వచ్చారు. చెప్పులు కుట్టేవాళ్ళు వచ్చారు. పాత గోదాములో ఇలాంటి గీతల ఇనపముక్కలు పెట్టెడున్నాయని, అవెందుకో తెలియక కొత్త పెళ్ళికూతుళ్ళకు వీపు గోక్కోవడానికి పంచుతున్నామని ఒకామె చెప్పింది.

సారు కప్పు ఎత్తి తాగి, రూళ్ళ పుస్తకం మూశారు. నా చెట్లు బతికాయని అప్పుడే అర్థమైంది.

నమోదు 635

తీర్పు వచ్చింది. నిప్పు నేరమే. కానీ నిప్పంటే ఏమిటో రూళ్ళలో ఎక్కడా రాయలేదు కాబట్టి మేం చేసింది "అధిక ఉష్ణ ప్రక్రియ". తాడిచెట్లు వనరులుగానే ఉంటాయి. పన్నెండో గ్యాలరీకి కింద, బొగ్గుపొర అయిపోయి రాయి మొదలయ్యే చోట, అధిక ఉష్ణ గది కడతారు. ఊళ్ళో అన్నిటికంటే లోతైన గది. దానికి అధికారిణి: బొంగోని సరోజన.

చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను, విని అర్థమయ్యేదాకా.

మర్నాడు పాసు చూపిస్తే వాకిలి తెరుచుకోలేదు. ఓవర్‌మన్ ఆఫీసుకు పరుగెత్తాను. సారు ఎంతో మర్యాదగా కూర్చోబెట్టారు. కోపంగా ఉంటే బాగుండేది, కోపానికి జవాబు చెప్పడం నాకొచ్చు.

"చూడు బిడ్డా, నువ్వు చెట్టు మీదికెల్లి పడితే గీ విద్య ఊరికి ఎవలిస్తరు? నిన్ను పైకి పంపుడు మాకు పాపం."

"నేర్పుత సారూ. ఎవలికి నేర్పుమంటే వాళ్ళకు నేర్పుత. నన్ను పైకి పోనియ్యిండ్రి."

"నేర్పు. నేర్చినోళ్ళను గూడ మేం మంచిగ చూసుకుంటం. వాళ్ళను గూడ పైకి పంపం."

నేను అడిగినదాన్ని ఆయన కోపంతో కాదనలేదు, గౌరవంతో కాదన్నారు. ఇరవై ఏళ్ళు చెట్టెక్కినప్పుడు నేను పడతానన్న దిగులు ఒక్కరికీ కలగలేదు. ఇంటికొచ్చి చాప మీద పడుకుని కప్పు వైపు చూడకుండా గోడ వైపు తిరిగాను. గోడా బొగ్గే.

చెట్లెక్కడానికి కొత్త మనిషిని నియమించారు. దేహం మంచిది, చెట్ల కొలతలు తెలిసినవాడు. అఖిలేందర్.

నమోదు 640

పైకి పోని మనిషి చిట్టా రాయనక్కర్లేదని కాగితం వచ్చింది. రాస్తున్నాను, ఎవరు చదివారు గనక.

అఖిలేందర్ కోసం రెండో కత్తి చేశాను. ఈ అధిక ఉష్ణ గదిలో తెల్లదీపం పెట్టించారు, రంగులు కనబడతాయి. రాజేశం గాలి ఒత్తే మరను బిగించి, రోజూ ఏదో ఒక మర వదులైందని చూడటానికి వస్తున్నాడు. కత్తి నూనెలో ముంచి తీశాక చాలాసేపు చేతిలో పట్టుకుని కూర్చున్నాను. ఈ ఒక్కదాన్ని మళ్ళీ వేడి చేయకుండా ఇచ్చేయొచ్చు. చూడటానికి తేడా తెలియదు. రెండు రోజుల్లో విరుగుతుంది, అధికారిణికి పని రాదని తేలుతుంది, పాత పాసు తిరిగొస్తుంది. ఈ ఆలోచన నాకు బాగా నచ్చింది. అందులో దోషం వెతకడానికి నాకు ఇష్టం లేకపోయింది.

చెంప మీది మచ్చ తడుముకున్నాను. నేను మోకుకు అలవాటుపడ్డదాన్ని కాబట్టి వేలాడాను. వాడు వాకిలి దాటితేనే వణికే మనిషి. ముక్క ఎగిరి వస్తే రెండు చేతులూ వదిలేస్తాడు.

కత్తిని వెచ్చబెట్టాను. రంగు రాగానే తీశాను. రాజేశం మర ఆపేశాడు.

నమోదు 652

మూడు లొట్లూ నిండుతున్నాయి. అఖిలేందర్ చేయి కుదిరింది, అది ఒప్పుకోవాలి. రోజూ దిగగానే కత్తి నూరించుకోవడానికి నా గదికి వస్తాడు. ఇక్కడ వాడికి హాయిగా ఉంటుంది. అన్ని వైపులా రాయి, తలకు ఆనేంత తక్కువ ఎత్తులో కప్పు, నిప్పు వెచ్చదనం. ఒక మూల కూర్చుని వెళ్ళనే వెళ్ళడు.

ఇవాళ మనసు బయటపెట్టాడు. తనకు ఈ పని నేర్పమని చేతులు పట్టుకున్నాడు. నేర్పితే తననూ పైకి పంపరు, ఇక్కడే ఉండొచ్చు. చెట్టు పని తప్పించమని మామను అడిగితే ఆర్డరు అచ్చయిపోయిందన్నాడట. తను వెళ్ళలేననీ, నేను వెళ్తాననీ చెప్పి, ఇద్దరినీ మార్చమని కూడా అడిగాడట. విలువైన మనిషిని పైకి పంపి, విలువలేనివాణ్ని కింద ఉంచుకోవడం పరిపాలన కాదని మామ కోప్పడ్డాడట.

నేర్పనని చెప్పాను. వాడు నేర్చుకుంటే విలువైనవాడైపోతాడు, తర్వాత చెట్టెక్కే మనిషి ఉండడు, ఎవరూ ఎక్కని చెట్లు మళ్ళీ దిమ్మెలవుతాయి. ఇంత వివరంగా చెప్పలేదు. నీకు చేతకాదు పో అన్నాను. వాడి మొహం చిన్నబోయింది. అంత పాడుమాట నేను జీవితంలో ఎవరినీ అనలేదు.

కత్తి నూరుతూ, అడగకూడదనుకుంటూనే అడిగాను, పొద్దున పైన ఎలా ఉందని.

"ఏమో అక్కా. చెట్టెక్కినంక నేను కండ్లు తెరువ. గెల చేతికి దొరుకుతది, కత్తికి దొరుకుతది. పైకి చూసిన్ననుకో, అక్కడ పట్టుకోనీకె ఏం లేదు."

రేపు ఒక్కసారి తెరువు, నా కోసం చూసి ఏముందో చెప్పు అన్నాను. సరే అన్నాడు. ఆ సరేలో వాడు చూడడని తెలిసిపోయింది. అంచు మీద గోరు ఆనించి చూశాను, ఇంకొంచెం పదును కావాలనిపించింది. మళ్ళీ నూరి ఇచ్చాను.